గుంపును చెదరగొట్టడం వేరు, శిక్షించడం వేరు

ఊళ్లో రెండు వర్గాల మధ్య గొడవ మాటలు దాటి రాళ్ల దాకా వచ్చింది. అక్కడున్నది ఒక ఎస్ఐ, నలుగురు కానిస్టేబుళ్లు. కిరాణా కొట్టు ముందు నిలబడి చూస్తున్న మిమ్మల్ని ఎస్ఐ పిలిచి, "ఈ సందుకు అడ్డంగా నిలబడండి, అటువాళ్లు ఇటు రాకుండా చూడండి" అన్నాడనుకుందాం. వెళ్లాల్సిన బాధ్యత మీకు ఉందా? "అది పోలీసుల పని, మనకెందుకు" అనేవాళ్లే ఎక్కువ. చట్టం మాత్రం ఉందనే చెబుతోంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 31వ సెక్షన్ చూడండి. శాంతిభద్రతలకు భంగం కలగకుండా ఆపడానికి, ప్రభుత్వ ఆస్తిని కాపాడటానికి, అరెస్టు చేయాల్సిన మనిషి పారిపోకుండా పట్టుకోవడానికి మేజిస్ట్రేట్ గానీ పోలీసు అధికారి గానీ సమంజసంగా సాయం అడిగితే ఎవరైనా సరే చేయాలి. అల్లర్లు ఆపడానికి అడిగిన సాయాన్ని కావాలని ఎగ్గొడితే భారతీయ న్యాయ సంహిత 222వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇవేమీ కొత్తగా పుట్టినవి కావు. నాగరిక్ సురక్షా సంహితకు ముందున్న సీఆర్‌పీసీలోనూ, న్యాయ సంహితకు ముందున్న ఐపీసీలోనూ ఉన్నాయి.

సరే, వెళ్లి నిలబడ్డారు. చేతిలో రాయితో పరుగెత్తుకొచ్చిన కుర్రాడు జారి మీ కాళ్ల దగ్గర పడ్డాడు. నాలుగు తగిలించవచ్చా? వీల్లేదు. పట్టుకోవచ్చు, పోలీసులకు అప్పగించవచ్చు. మీ మీదికో పక్కవాళ్ల మీదికో రాయి ఎత్తితే ఆత్మరక్షణకు ఎంత అవసరమో అంత బలం వాడవచ్చు. అతను కింద పడి, రాయి చేజారిపోయాక కొట్టే హక్కు మీకు లేదు. ఎస్ఐకీ లేదు.

అల్లర్ల గురించి మన చట్టాల్లో అక్కడక్కడా చెదిరి ఉన్న సెక్షన్లన్నీ ఒకచోట పెట్టి చదివితే నాకు కనిపించేది ఇదే: వీధిలో ఆపే అధికారం చాలామందికి ఉంది, శిక్షించే అధికారం ఎవరికీ లేదు. ఆపడం పోలీసు, మేజిస్ట్రేట్, అవసరమైతే పౌరుడు, మరీ అవసరమైతే సైన్యం చేసే పని. శిక్షించడం కోర్టు పని. ఆందోళనకారుల మీద అతిగా విరుచుకుపడిన పోలీసులూ, అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన మూకలూ దాటింది ఈ ఒక్క గీతనే.

గుంపు ఎప్పుడు నేరమవుతుంది

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. ప్రభుత్వం ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నది క్రమబద్ధం చేయవచ్చు గానీ వీధుల్లో సభలనే లేకుండా చేయకూడదని 1972లో అహ్మదాబాద్ పోలీస్ కమిషనర్ మీద హిమత్‌లాల్ షా వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ధర్నా చేయడమే తప్పు అన్నట్టు మాట్లాడేవాళ్లు చట్టం చదవలేదనే అనుకోవాలి.

ఆ సమూహం చట్టవిరుద్ధం కావాలంటే న్యాయ సంహిత 189వ సెక్షన్ ప్రకారం కనీసం ఐదుగురు ఉండాలి, వాళ్లందరికీ ఒక ఉమ్మడి ఉద్దేశం ఉండాలి. ఆ ఉద్దేశం కూడా చట్టం చెప్పిన వాటిలో ఒకటై ఉండాలి: బలప్రయోగంతో ప్రభుత్వాన్నో అధికారినో లొంగదీయడం, చట్టం అమలును అడ్డుకోవడం, ఆస్తి ధ్వంసం లాంటి నేరం చేయడం, దౌర్జన్యంగా ఆస్తి లాక్కోవడం, ఎవరినైనా బలవంతపెట్టి ఇష్టం లేని పని చేయించడం. శాంతియుతంగా మొదలైన సభ మధ్యలో ఇలా మారినా అప్పటి నుంచి అది చట్టవిరుద్ధ సమూహమే. అక్కడి నుంచి 190వ సెక్షన్ పని మొదలవుతుంది. ఉమ్మడి ఉద్దేశంతో ఒకరు చేసిన నేరానికి సభ్యులందరూ బాధ్యులే. రాయి విసిరింది ఒక్కడే అయినా కేసు అందరి మీదా నిలబడగలదు.

ఇక్కడే సామాన్యుడికి అసలు ప్రమాదం. ఊరికే చూడటానికి ఆగినవాడు సభ్యుడు కాడని కోర్టులు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. కానీ ఎఫ్ఐఆర్‌లో పది పేర్లు రాసి, చివర "మరియు ఇతరులు" అని చేర్చడం మన స్టేషన్లలో మామూలే. ఆ "ఇతరులు"లోకి వారం తర్వాత ఎవరి పేరైనా రావచ్చు. చూడటానికి మాత్రమే వెళ్లానని నిరూపించుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా పాస్‌పోర్టు ఆగుతుంది, ఉద్యోగం వెరిఫికేషన్‌లో పోతుంది. ఇదీ ఒక రకంగా కోర్టు వేయని శిక్షే.

గుంపులుగా చేరడాన్ని నిషేధించే, మనకు బాగా తెలిసిన 144 సెక్షన్ ఇప్పుడు సురక్షా సంహితలో 163 అయింది. ముప్పు నిజంగా దగ్గర్లో ఉన్నప్పుడు మేజిస్ట్రేట్ కారణాలు రాసి ఇచ్చే ఉత్తర్వు అది. రెండు నెలలకు మించి నిలవదు, రాష్ట్ర ప్రభుత్వం కలగజేసుకుంటే మరో ఆరు నెలలు. ఒకదాని వెనక ఒకటి అలవాటుగా పొడిగించుకుంటూ పోవడం అధికార దుర్వినియోగమని, ఉత్తర్వులను ప్రజలకు అందుబాటులో పెట్టాల్సిందేనని 2020 జనవరిలో కశ్మీర్ ఇంటర్నెట్ నిలిపివేత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందస్తు అరెస్టుకూ గడువుంది. వేరే ఉత్తర్వు లేకుండా 24 గంటలు దాటి ఉంచకూడదు.

హెచ్చరిక, ఆ తర్వాత ఎంతసేపు?

బలప్రయోగానికి మూలం సురక్షా సంహిత 148వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 129. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ (కోర్టు జడ్జి కాదు, తహసీల్దారు లాంటి అధికారి) గానీ, స్టేషన్ అధికారి గానీ, ఆయన లేకపోతే ఎస్ఐకి తగ్గని పోలీసు అధికారి గానీ ముందు గుంపును చెదిరిపొమ్మని ఆదేశించాలి. వినకపోతేనో, వినేది లేదన్నట్టు ప్రవర్తిస్తేనో బలంతో చెదరగొట్టవచ్చు. అందుకు పౌరుల సాయమూ కోరవచ్చు. పాత చట్టంలో "మగవారెవరినైనా" అని ఉండేది, కొత్తదాంట్లో "ఎవరినైనా" అయింది.

ఈ సెక్షన్ చట్టవిరుద్ధ సమూహాలకే పరిమితం కాదు. శాంతికి భంగం కలిగించేలా ఉందనిపించే ఐదుగురి గుంపుకైనా వర్తిస్తుంది. అంటే మీరు నినాదం కూడా ఇవ్వకుండా కూర్చున్నా, పద్ధతి ప్రకారం చెదిరిపొమ్మన్న తర్వాత కావాలని అక్కడే ఉంటే అదే నేరం, ఆరు నెలల వరకు జైలు. ఉద్యమాల్లో ఉండేవాళ్లు ఇది తెలిసే కూర్చుంటారు. మొదటిసారి వచ్చిన కాలేజీ పిల్లలకు మాత్రం ఇది ఎవరూ చెప్పరు. చెప్పడం నిర్వాహకుల బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

మన చట్టాన్ని రాసినవాళ్లది ఇంగ్లండ్. అక్కడ 1715లో అమల్లోకి వచ్చిన రయట్ యాక్ట్ (అల్లర్ల చట్టం) ప్రకారం పన్నెండు మంది అంతకు మించి గుమిగూడి అల్లరి చేస్తుంటే మేజిస్ట్రేట్ ప్రకటన చదవాలి, ఆ తర్వాత ఒక గంట సమయం ఇవ్వాలి. గంట దాటాక ఉన్నవాళ్ల మీద కఠినమైన శిక్షలు ఉండేవి. అదే పాలకులు ఇండియాకు చట్టం రాసేటప్పుడు ఆ గంట పెట్టలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1973లో సీఆర్‌పీసీని తిరగరాశాం, 2023లో మళ్లీ రాశాం. చెదిరిపోవడానికి ఎంత సమయం ఇవ్వాలన్న మాట ఇప్పటికీ చట్టంలో లేదు. రెండు నిమిషాలా, ఇరవై నిమిషాలా అన్నది అక్కడున్న అధికారి ఇష్టం.

ఆ ఖాళీ ఎంత ప్రమాదమో 2011 జూన్ 4 రాత్రి ఢిల్లీ రాంలీలా మైదానంలో కనిపించింది. బాబా రాందేవ్ దీక్ష. షామియానా కింద వేల మంది, అందులో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. యోగా శిబిరానికని ఇచ్చిన అనుమతిని పోలీసులు ఆ రాత్రే రద్దు చేశారు, 144 ఉత్తర్వు తెచ్చారు. అర్ధరాత్రి దాటాక లోపలికి దిగారు. అప్పటికి అందరూ నిద్రలో ఉన్నారు. నిద్ర లేచినవాడికి ఏం జరుగుతోందో అర్థం కావడానికే కొంత సమయం పడుతుంది. పిల్లల్ని ఎత్తుకోవాలి, చెప్పులు వెతుక్కోవాలి, దారి ఎటో చూసుకోవాలి. చుట్టూ కట్టిన ఆవరణకు బయటికి పోయే దారులు తక్కువ. టియర్ గ్యాస్ గుండ్లు పేలాయి, లాఠీలు లేచాయి, ఇటుకలు ఎగిరాయి. రాందేవ్ వేదిక మీద నుంచి జనంలోకి దూకారు. గాయపడిన ఒక మహిళ తర్వాత ఆసుపత్రిలో చనిపోయింది.

సుప్రీంకోర్టు దీన్ని తనంతట తానే విచారణకు తీసుకుని 2012 ఫిబ్రవరి 23న తీర్పు ఇచ్చింది. ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లంతా చదవాల్సిన తీర్పు అది. నిద్రపోతున్న జనం మీద అర్ధరాత్రి బలం వాడాల్సినంత అత్యవసరం ఏమీ లేదని, తెల్లారేదాకా ఆగి ఉండొచ్చని, పోలీసులు అధికారాన్ని దుర్వినియోగం చేశారని చెప్పింది. అంతటితో ఆపలేదు. నిర్వాహకుల వైపు తిరిగి, ఉత్తర్వు వచ్చాక జనాన్ని శాంతంగా వెళ్లిపొమ్మని చెప్పాల్సిన బాధ్యత మీది కాదా అని నిలదీసింది. చనిపోయిన మహిళ కుటుంబానికి 5 లక్షలు, తీవ్రంగా గాయపడినవాళ్లకు 50 వేలు, స్వల్ప గాయాలకు 25 వేలు పరిహారం ఇవ్వమని, అందులో 25 శాతం రాందేవ్ ట్రస్టే భరించాలని ఆదేశించింది. హింసకు దూరంగా ఉండటం, ప్రజా ఆస్తిని కాపాడటం పౌరుడి ప్రాథమిక విధి అని 51ఎ అధికరణం చెబుతుంది. స్కూల్లో బట్టీ కొట్టి మర్చిపోయే ఆ వాక్యానికి డబ్బు లెక్క కట్టడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. పోలీసుల వాటా, నిర్వాహకుల వాటా విడివిడిగా చూపించడం అంతకన్నా నచ్చింది. మన దగ్గర ఏ గొడవ తర్వాతైనా ఒక పక్షం తప్పంతా అవతలివాళ్లదే అంటుంది. ఆ తీర్పు అలా వదిలేయలేదు.

లాఠీ నుంచి తూటా దాకా

గుంపుల మీద బలప్రయోగానికి 1964లో పోలీసు ఐజీల సమావేశం నమూనా నియమాలు ఆమోదించింది. రాష్ట్రాల పోలీసు మాన్యువళ్లదీ దాదాపు ఇదే దారి. ముందు మైకులో హెచ్చరిక, తర్వాత టియర్ గ్యాస్, తర్వాత లాఠీచార్జి, ఏదీ పనిచేయకపోతే, ప్రాణానికో ఆస్తికో తీవ్ర ముప్పు ఉంటేనే కాల్పులు. కాల్చే ముందు మళ్లీ స్పష్టమైన హెచ్చరిక. గురి కిందికి ఉండాలి, అది కూడా గుంపులో బాగా రెచ్చిపోతున్న భాగం మీదికే. గుంపు వెనక్కి తగ్గిన క్షణం ఆపేయాలి. గాయపడినవాళ్లను వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. చాలామందికి వింతగా అనిపించే సంగతి ఒకటుంది: హెచ్చరికగా గాలిలోకి, జనం తలల మీదుగా కాల్చడాన్ని ఆ నియమాలు ఒప్పుకోవు. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట దిగాలి. అది మేడ మీద బట్టలు ఆరేస్తున్న మనిషికి తగలవచ్చు. అయినా "గాలిలోకి కాల్పులు జరిపిన పోలీసులు" అన్న వార్తను సంయమనానికి గుర్తుగా చదవడం మనకు అలవాటైపోయింది.

ఇంకో లోపం చట్టంలోనే ఉంది. "వీలైనంత తక్కువ బలం వాడాలి, మనుషులకూ ఆస్తికీ వీలైనంత తక్కువ హాని చేయాలి" అన్న వాక్యం సైన్యాన్ని పిలిచే 149వ సెక్షన్‌లో ఉంది. పోలీసులకు అధికారం ఇచ్చే 148లో లేదు. వాళ్ల విషయంలో అది మాన్యువల్‌లోనో, కోర్టు తీర్పుల్లోనో వెతుక్కోవాలి. రోజూ జనంతో తలపడేది పోలీసులైతే, అరుదుగా వచ్చే సైన్యానికి మాత్రమే ఆ మాట చట్టంలో రాయడం ఏమిటో!

చెదరగొట్టడం ఎక్కడ ముగిసి శిక్షించడం ఎక్కడ మొదలవుతుందో చూపడానికి జలియన్‌వాలాబాగ్ కన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. 1919 ఏప్రిల్ 13న డయ్యర్ హెచ్చరిక ఇవ్వలేదు. పది నిమిషాల పాటు దాదాపు 1,650 రౌండ్లు కాల్పించాడు. జనం పారిపోతున్నా ఆపలేదు. ప్రభుత్వ లెక్కలోనే 379 మంది చనిపోయారు. హంటర్ కమిటీ ముందు అతను చెప్పింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కాల్చకుండానే చెదరగొట్టగలిగేవాడినేమో గానీ, వాళ్లు మళ్లీ వచ్చి నవ్వేవాళ్లని, పంజాబ్ అంతటికీ గుణపాఠం నేర్పడం తన ఉద్దేశమని ఒప్పుకున్నాడు. బ్రిటిష్ వాళ్లు వేసుకున్న ఆ కమిటీ కూడా రెండు విషయాలు తప్పుపట్టింది: హెచ్చరిక లేకపోవడం, అవసరం తీరాక కూడా కాల్పులు సాగించడం. వందేళ్లు దాటినా ఏ కాల్పుల ఘటన మీద విచారణ జరిగినా మొదట అడిగేవి ఆ రెండు ప్రశ్నలే.

గుంపు హింసకు దిగిన మాట నిజమైనా ఆ ప్రశ్నలు పోవు. 1942 ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా ఆందోళనకారులు రైల్వేస్టేషన్‌ను తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. రణరంగ్ చౌక్‌లోని ఏడు స్తూపాలు వాళ్లవే. స్వాతంత్ర్యం తర్వాత తెలుగువాళ్లు మరిచిపోని రోజు 2000 ఆగస్టు 28. కరెంటు చార్జీల పెంపు మీద వామపక్షాలు, కాంగ్రెస్ కలిసి చలో అసెంబ్లీకి పిలుపిచ్చాయి. హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో గుర్రపు పోలీసులు, వాటర్ క్యానన్లు, లాఠీలు, చివరికి తూటాలు. ముగ్గురి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ముదిగొండ, సోంపేట, కాకరాపల్లి కాల్పులు. భూమి కోసం ఒకచోట, థర్మల్ ప్లాంటు వద్దని మిగతా చోట్ల. సోంపేటలో కాల్పులు జరిగిన 2010 జులై 14నే, జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఊరివాళ్లు ఏది వద్దన్నారో అదే సరైందని ఒక అధికార సంస్థ తేల్చిన రోజు, అదే మాట అన్నందుకు ఊళ్లో తుపాకులు పేలాయి.

అన్నిటికన్నా వివరంగా రికార్డుకెక్కింది తూత్తుకుడి. 2018 మే 22, స్టెరిలైట్ రాగి కర్మాగారం మీద ఆందోళనకు నూరో రోజు. కలెక్టరేట్ వైపు ఊరేగింపు. కాల్పుల్లో 13 మంది చనిపోయారు. కాల్చమని ఉత్తర్వు ఇచ్చిన మేజిస్ట్రేట్లుగా ఎఫ్ఐఆర్‌లలో కనిపించినవి డిప్యూటీ తహసీల్దార్ల పేర్లు. జస్టిస్ అరుణా జగదీశన్ కమిషన్ నివేదిక 2022 అక్టోబర్‌లో తమిళనాడు అసెంబ్లీ ముందుకు వచ్చింది. కాల్పులకు తగిన రెచ్చగొట్టే చర్య లేదని, హెచ్చరికలు సరిగా ఇవ్వలేదని, 17 మంది పోలీసుల మీద చర్య తీసుకోవాలని చెప్పింది.

డిప్యూటీ తహసీల్దారు సంగతి కాస్త ఆగి ఆలోచించాల్సింది. మేజిస్ట్రేట్ ఉండాలన్న నియమం ఎందుకు పెట్టారు? తుపాకీ పట్టుకున్నవాడు కాకుండా పక్కన మరో మనిషి, వేరే శాఖ మనిషి, వేడి తలకెక్కని మనిషి, "ఇప్పుడు అవసరమా?" అని అడగడానికి. రెవెన్యూలో కింది స్థాయి ఉద్యోగి, జిల్లా ఎస్పీ పక్కనుండగా, వద్దని చెప్పగలడా? నగరాల్లో ఆ మాత్రం తేడా కూడా లేదు. హైదరాబాద్, సైబరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి కమిషనరేట్లలో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అధికారాలు పోలీస్ కమిషనర్ చేతిలోనే ఉంటాయి. ఉత్తర్వు ఇచ్చేదీ, అమలు చేసేదీ ఒకే శాఖ. "కనిపిస్తే కాల్చివేత" ఉత్తర్వులు జారీ అయ్యాయని అల్లర్లప్పుడు టీవీలో చెబుతుంటారు కదా, ఆ పేరుతో ఏ సెక్షనూ లేదు. కర్ఫ్యూ ఉల్లంఘించినవాడికి చట్టంలో ఉన్నది జైలు, జరిమానా. మరణశిక్ష కాదు.

పౌరుడి బాధ్యత ఎంతవరకు

సాయం చేయాల్సిన 31వ సెక్షన్ చెప్పాను. ఇంకొన్ని ఉన్నాయి. అల్లర్లకు సన్నాహాలు జరుగుతున్నాయని తెలిస్తే పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పాలని 33వ సెక్షన్ అంటుంది. మీ స్థలంలో అలాంటి గుంపు చేరితే వెంటనే సమాచారం ఇవ్వాలి, ఆపడానికి చేతనైన చట్టబద్ధమైన ప్రయత్నం చేయాలి. చేయకపోతే స్థలం యజమానికి జరిమానా. కళ్లముందు పెద్ద నేరం చేసినవాడిని మామూలు మనిషి కూడా అరెస్టు చేయవచ్చు. అయితే ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలన్న గడువు కొత్త చట్టంలో వచ్చింది. అధికారి కోరితే మంచి ఉద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టకుండా రక్షణ కూడా ఉంది.

ప్రభుత్వాలు ఈ బాధ్యతను లాగి లాగి సాగదీసిన చరిత్రా ఉంది. 1857 తిరుగుబాటు అణిగాక వచ్చిన 1861 పోలీసు చట్టం ఊరివాళ్లనే స్పెషల్ పోలీసులుగా నియమించడానికి వీలిచ్చింది. కాదంటే 50 రూపాయల జరిమానా. గొడవ జరిగిన ఊళ్లో అదనపు బలగాన్ని దించి ఆ ఖర్చు ఊరంతా కట్టాలనీ అందులో ఉంది. రాయి వేసినవాడూ, వేయొద్దని బతిమాలినవాడూ ఒకే లెక్కన కట్టాలి. విచారణ లేని శిక్షను పన్నుగా మార్చడమే అది.

స్వతంత్ర భారతంలో దీనికి పరాకాష్ఠ సల్వా జుడుం. 2005లో ఛత్తీస్‌గఢ్ దంతెవాడ ప్రాంతంలో మొదలైంది. మావోయిస్టులను ఎదుర్కోవడానికని ఆదివాసీ యువకులను నెలకు 3,000 రూపాయల మీద స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా తీసుకుని చేతికి తుపాకులిచ్చారు. ఐదో తరగతి చదివితే చాలు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాది గొత్తికోయ ఆదివాసీ కుటుంబాలు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. భద్రాచలం, ములుగు వైపు ఆ గూడేలు నేటికీ ఉన్నాయి. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇచ్చిన తీర్పు దీన్ని ఆపేసింది. తగినంత చదువు, శిక్షణ లేని పిల్లలను ప్రాణాపాయంలోకి తోయడం వాళ్ల సమానత్వ హక్కుకూ, జీవించే హక్కుకూ విరుద్ధమని చెప్పింది. శాంతిభద్రతలు కాపాడటం ప్రభుత్వం చేయాల్సిన పని. దాన్ని తుపాకీతో సహా పౌరుల మీదికి నెట్టేస్తే ఊరే యుద్ధరంగం అవుతుంది.

దీనికి పూర్తిగా వేరుగా, పౌరుల సాయం ఎలా ఉండాలో చూపించిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో భయంకరమైన వీడియోలు పాకాయి. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల అమాయకులను పట్టుకుని కొట్టారు, ప్రాణాలూ పోయాయి. అప్పుడు జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి. అంతకు ముందే ఊరికొక పోలీసును కేటాయించి ఉన్నారు. అలా ఒక ఊరికి వెళ్లిన కానిస్టేబుల్ గమనించింది చిన్న విషయం: ఎండాకాలం అయినా జనం ఆరుబయట పడుకోవడం మానేసి చీకటి పడగానే తలుపులు బిగించుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు తీసి ఆ వీడియోలు చూపించారు. పోలీసులు ఇంటింటికీ తిరిగారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, డప్పు కళాకారులతో పాటలు కట్టించి ఊరి మధ్యలో పాడించారు. దాదాపు 400 గ్రామాలు. కొత్త మనిషి కనిపిస్తే కొట్టకుండా ఫోన్ చేయండి అన్నదే అడిగిన సాయం. ఆ పరిధిలో ఒక్కరు కూడా మూక చేతిలో చనిపోలేదు.

మూకహత్య విషయంలో చట్టం ఇప్పుడు ఇంకా కఠినంగా ఉంది. జాతి, కులం, వర్గం, భాష, పుట్టిన ఊరు, వ్యక్తిగత నమ్మకం లాంటి కారణంతో ఐదుగురు అంతకు మించి కలిసి చంపితే అందరికీ మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడుతుంది, న్యాయ సంహిత 103వ సెక్షన్. శిక్షించే పనిని వీధిలోకి తెచ్చిన ప్రభుత్వాలకూ 2024 నవంబర్‌లో కోర్టు గీత గీసింది. నిందితుడి ఇల్లు కూల్చడం పాలకుల పని కాదని, రోడ్లు, ఫుట్‌పాత్‌ల లాంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలు, కోర్టు ఆదేశించిన కూల్చివేతలు తప్ప మిగతావేవీ 15 రోజుల నోటీసు లేకుండా కూల్చకూడదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

లెక్క అడిగే చోట

పౌరుడు గీత దాటితే అడిగే వ్యవస్థ బలంగానే ఉంది. ప్రజా ఆస్తి ధ్వంసం చట్టం 1984 కింద ఐదేళ్ల వరకు, నిప్పు పెడితే పదేళ్ల వరకు జైలు. 2009లో, ఆంధ్రప్రదేశ్ పేరుతో నమోదైన కేసులో, జస్టిస్ కె.టి. థామస్ కమిటీ, ఫాలీ నారిమన్ కమిటీల సిఫార్సులను సుప్రీంకోర్టు ఆమోదించి, నష్టానికి నిర్వాహకులను బాధ్యులను చేసేలా మార్గదర్శకాలు ఇచ్చింది. బస్సు తగలబెట్టినవాడు ఆ డబ్బు కట్టాలనడంలో నాకు ఏ అభ్యంతరం లేదు. ఆ బస్సు ఎక్కేది మన అమ్మా నాన్నలే.

పోలీసుల వైపు చూస్తే సురక్షా సంహిత 151వ సెక్షన్ అడ్డంగా నిలబడి ఉంది. గుంపును చెదరగొట్టే క్రమంలో చేసిన పని అని చెప్పుకునే దేనికైనా, రాష్ట్ర ప్రభుత్వం అనుమతి లేకుండా పోలీసు మీద కోర్టులో ప్రాసిక్యూషన్ మొదలవదు. సైన్యం అయితే కేంద్రం అనుమతి. ఇతర ప్రభుత్వోద్యోగుల విషయంలో 218వ సెక్షన్ ప్రభుత్వానికి 120 రోజుల గడువు పెట్టింది, ఆలోగా తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. 151లో ఆ గడువు లేదు. క్షణాల్లో నిర్ణయం తీసుకోవాల్సిన కానిస్టేబుల్‌కు కొంత రక్షణ ఉండాలి, అది నేనూ ఒప్పుకుంటాను. రాళ్ల వానలో హెల్మెట్ సరిగా లేకుండా నిలబడేది అతనే. కానీ కాల్పులకు ఉత్తర్వు ఇచ్చిన ప్రభుత్వమే కేసుకు అనుమతి ఇవ్వాలంటే, ఎన్నేళ్లయినా ఇవ్వకుండా కూర్చోవచ్చంటే, రక్షణ కాస్తా మినహాయింపు అయిపోతుంది. విచారణ కమిషన్లదీ అదే కథ. 1952 చట్టం ప్రకారం నివేదిక, దాని మీద తీసుకున్న చర్యలు ఆరు నెలల్లో చట్టసభ ముందుకు రావాలి. సిఫార్సు మాత్రం సిఫార్సే, ప్రభుత్వాన్ని కట్టిపడేయదు.

151ని మార్చి, మరణం సంభవించిన ప్రతి కాల్పుల ఘటనకూ గడువు పెట్టాలి. 148లో కనీస బలం అన్న మాట చేర్చాలి. చెదిరిపోవడానికి ఇచ్చే సమయం రాయాలి. ఇవి పార్లమెంటు చేయాల్సిన పనులు. ఈలోగా కాల్పులో లాఠీచార్జో జరిగిన చోట బాధితుల తరఫున నిలబడేవాళ్లు మొదటి రోజే అడగాల్సినవి ఉన్నాయి. చెదిరిపొమ్మని ఆదేశించింది ఎవరు, ఏ హోదాలో, ఎన్ని గంటలకు, మైకులోనా నోటితోనా, అక్కడి జనానికి తెలిసిన భాషలోనా? ఆదేశానికీ మొదటి దెబ్బకూ మధ్య ఎన్ని నిమిషాలు? ఎన్ని రౌండ్లు, ఎవరికి ఇచ్చిన తుపాకీ నుంచి? గాయపడినవాళ్లను ఏ బండిలో, ఎంతసేపట్లో ఆసుపత్రికి తీసుకెళ్లారు? ఈ జవాబులు స్టేషన్ జనరల్ డైరీలో, కంట్రోల్ రూమ్ రికార్డులో, ఆయుధాల రిజిస్టర్‌లో, చుట్టుపక్కల షాపుల సీసీ కెమెరాల్లో ఉంటాయి. కెమెరా రికార్డింగ్ కొన్ని వారాలకే చెరిగిపోతుంది. కాబట్టి హైకోర్టులో రిట్ వేసేటప్పుడు పరిహారం కన్నా ముందు వీటిని భద్రపరచమని మధ్యంతర ఉత్తర్వు అడగాలి, అది కూడా అదే వారంలో.